ఐదు ఊళ్ల తల్లిదండ్రులం కలిశాం, బడి కోసం మొదట ఏం అడగాలి?

తొమ్మిదో తరగతి అమ్మ | హనుమకొండ జిల్లా | శనివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మాది హనుమకొండ జిల్లాలో ఒక పల్లె, మా ఊరి హైస్కూల్‌కి చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పిల్లలు వస్తారు. దసరా సెలవులయ్యాక ఒకరోజు నా బిడ్డ కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయిందని ఇచ్చి వద్దామని బడికి పోయాను. తొమ్మిదో తరగతిలో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. హాజరు పట్టీలో ఇరవై ఆరు పేర్లున్నాయి. మిగతావాళ్లేరి అని అడిగితే నా బిడ్డే చెప్పింది, పత్తి ఏరడానికి పోయారమ్మా అని. ఇంకో మాట కూడా చెప్పింది, అదే నన్ను పట్టుకుంది. నలుగురైదుగురు మగపిల్లలు పత్తికీ పోవట్లేదు, బడికీ రావట్లేదు, పొద్దున బ్యాగు వేసుకుని బయల్దేరి పాత గోదాము వెనక కూర్చుంటున్నారు. అమ్మానాన్నలు పొద్దున్నే కైకిలికి పోతారు, పిల్లాడు బడికి పోయాడనే అనుకుంటారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మహిళా సంఘం మీటింగ్‌లో కిస్తీల లెక్క అయిపోయాక ఈ సంగతి ఎత్తాను. ఒకరు మొదలుపెడితే అందరికీ ఏదో ఒకటి ఉంది చెప్పుకోవడానికి. ఒకామె కొడుకు రాత్రి రెండింటి దాకా ఫోన్ వదలడట, ఇంకొకామె బిడ్డ బడిలో నీళ్లు తాగనే తాగదట, ఎందుకో అడిగితే చెప్పదట. అట్లా మాట మాట కలిసి ఇప్పుడు ఐదు ఊళ్ల నుంచి ఇరవై రెండు మందిమి ఒక గ్రూపుగా ఉన్నాం. ఎక్కువమంది అమ్మలమే, ఆశా కార్యకర్త అక్క ఉంది, ఆటో నడిపే అన్న ఉన్నాడు, డిగ్రీ చదివే తమ్ముళ్లు ఇద్దరు. పేరు ఏమీ పెట్టుకోలేదు.

మొదటి మీటింగ్‌లోనే ముప్పై ఒక్క కోరికలు రాశాం. ప్రహరీ, కంప్యూటర్లు, ఇంగ్లిష్ టీచర్, వాచ్‌మన్, బస్సు, ఇట్లా. అంత పట్టీ తీసుకుని పోతే ఎవరు వింటారు? మీలో ఇట్లాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి, మొదట ఎవరిని కలవాలి, ఏం అడగాలి?

లెక్కల సార్, పరకాల | శనివారం రాత్రి 10:35

చెల్లీ, ముప్పై రెండేళ్లు సర్కారు బళ్లలో లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. మొదట ఎవరినీ అడగకండి. మొదట మీకు ఇప్పటికే ఉన్నదేమిటో తెలుసుకోండి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాంట్లో 21వ సెక్షన్ ప్రకారం బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి, దాంట్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా ఆ కమిటీయే. మన రాష్ట్రంలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలు దానికి చైర్‌పర్సన్, పెద్దసారు మెంబర్ కన్వీనర్. అంటే మీరు ఏ మహిళా సంఘంలో కూర్చుని ఈ మాట ఎత్తారో, ఆ సంఘపు మనిషే బడి కమిటీకి పెద్ద. ఆమె సంతకం లేకుండా కొన్ని పనులు కావు. ఈ సంగతి మీ మీటింగ్‌లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇక డబ్బు. సమగ్ర శిక్ష అనే పథకం కింద ప్రతి బడికీ పిల్లల సంఖ్యను బట్టి ఏటా కాంపోజిట్ గ్రాంట్ అని బడి ఖర్చులకు డబ్బు ఉంటుంది. 31 నుంచి 100 మంది ఉంటే 25,000, ఆపైన 250 వరకు 50,000, వెయ్యి లోపు 75,000. ఇది కాక బడి శుభ్రం చేయించడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం నెలకు 3,000 నుంచి 20,000 దాకా, మళ్లీ పిల్లల సంఖ్యను బట్టే, ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. మీ బిడ్డలు నీళ్లు ఎందుకు తాగట్లేదో నాకు అర్థమైంది, నేను ఎన్నో బళ్లలో చూశాను. ఆ బాత్రూంల కోసం పైకి పోయి కొత్తగా అడగాల్సిన పని లేకపోవచ్చు. వచ్చిన డబ్బు ఎంత, ఎవరిని పెట్టారు, ఎన్ని రోజులు వస్తున్నారు, ఇంతే. పెద్దసారు దగ్గర కూర్చుని చూడండి, నిలదీయడానికి పోయినట్టు పోకండి. చాలాసార్లు డబ్బు ఆలస్యంగా పడుతుంది, సారు జేబులోంచి పెట్టి నడిపిస్తుంటాడు, బయటికి చెప్పుకోడు.

ఇంకొక్కటి, పక్క సంగతే కానీ మరిచిపోతానేమోనని రాస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంది, నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మన పల్లె పిల్లలకు ఇది పెద్ద డబ్బు, ఆ డబ్బు వస్తుందంటే పత్తి చేనుకు పంపే ఇల్లు కూడా ఒకసారి ఆగి ఆలోచిస్తుంది.

నర్సంపేట పోరగాడు | శనివారం రాత్రి 11:12

సార్, మీరు పెద్దవారు, కానీ నాకు ఈ పద్ధతి నచ్చలేదు. కాగితాలు చూసుకుంటూ కూర్చుంటే పిల్లలు ఇంటర్ అయిపోతారు. అక్కా, సోమవారం కలెక్టర్ అర్జీలు తీసుకునే ప్రజావాణికి వంద మంది పోండి, కలెక్టరేట్ ముందు కూర్చోండి, వీడియో తీసి పెట్టండి. మా దగ్గర నీళ్ల సమస్య అట్లనే తీరింది. బడిలో పదిహేను మంది రాకపోతే సార్లు ఏం చేస్తున్నట్టు? జీతం తీసుకుంటలేరా?

సర్కారు బడి టీచరమ్మ | ఆదివారం ఉదయం 6:40

నేను పని చేసేది సర్కారు హైస్కూల్‌లోనే, ఏ ఊరో చెప్పను. రాత్రి ఇది చదివి జవాబు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

తమ్ముడూ, జీతం తీసుకుంటున్నాను. రాని పిల్లల ఇళ్లకు కూడా పోతున్నాను. పోయిన గురువారం సాయంత్రం ఒక ఇంటికి పోతే ఆ తల్లి నాకు కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఏడ్చింది. పత్తి పగిలింది టీచర్, కూలీలు దొరకట్లేదు, వాన పడితే దూది నల్లబడుతుంది, ధర పోతుంది, నా బిడ్డ రెండు వారాలు వస్తే అప్పు వడ్డీ అయినా తీరుతుంది అంది. ఆమెకు నేనేం చెప్పాలి? చట్టం చెప్పనా? చెప్పాను కూడా, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరమని. సొంత చేనే కదా టీచర్ అంది. ఆ మాటకు నేను ఇంటికొచ్చాక కూడా జవాబు వెతుక్కున్నాను.

ఒక్క టీచర్ పోయి అడిగితే అది టీచర్ ఉద్యోగం. అదే వాడలో నలుగురు అమ్మలు పోయి, ఏ చేనుకు ఏ రోజు మనం వంతు కూలి పోదాం, నీ బిడ్డను మాత్రం బడికి పంపు అంటే అది ఊరి మాట. మా అమ్మమ్మల కాలంలో బదలు పోయేవాళ్లు కదా, నువ్వు నా చేనుకు, నేను నీ చేనుకు. అట్లా చేయగలిగితే మీరు చేయగలరు, నేను చేయలేను.

వీడియోల గురించి ఒక్క మాట. గేటు దగ్గరికి ఇరవై మంది ఫోన్లు పట్టుకుని వస్తే మాకు కాళ్లు వణుకుతాయి. ఆ రోజు నుంచి మేము మీతో మనసు విప్పి మాట్లాడం, కాగితం మీద అన్నీ బాగున్నాయని రాసి దాచుకుంటాం. నెలనెలా తల్లిదండ్రుల సమావేశం పెడతాం, మా బడిలో తొంభై ఇళ్లకు కబురు పంపితే పోయిన నెల తొమ్మిది మంది వచ్చారు. ఇరవై రెండు మంది వరుసగా మూడు నెలలు వస్తే చాలు తల్లీ. ఏమీ అడగకపోయినా సరే, వచ్చి కూర్చోండి.

వంట అక్క | ఆదివారం ఉదయం 8:05

నా బిడ్డ టైపు చేస్తోంది, నేను చెప్తున్నాను. బడిలో పన్నెండేళ్లుగా వండుతున్నాను. గౌరవ వేతనం 3,000. బిల్లు పడేదాకా కిరాణా కొట్టులో అప్పు పెట్టి వండుతాం. వారానికి మూడు గుడ్లు పెట్టాలి, గుడ్డు రేటు పెరిగిన నెలలో నా చెవుల కమ్మలు కుదువ పెట్టాను. ఎవరు అన్నం తిన్నారో, ఎవరు పారబోశారో నాకు తెలుస్తుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలెవరో నాకు తెలుసు, పదకొండింటికే వంటగది దగ్గర తచ్చాడుతారు. ఏ పిల్ల నాలుగు రోజుల నుంచి ఎవరితో మాట్లాడకుండా ఒక్కతే కూర్చుని తింటుందో అది కూడా తెలుసు. నన్ను ఇంతవరకు ఏ మీటింగ్‌కీ ఎవరూ పిలవలేదు.

తొమ్మిదో తరగతి అమ్మ | ఆదివారం ఉదయం 9:20

అక్కా, మీ మాట చదివి నాకు సిగ్గేసింది. మా ఇరవై రెండు మందిలో వంట చేసే అక్క లేదు. ఈ రోజే పోయి పిలుస్తాను.

హనుమకొండ నాన్న | ఆదివారం ఉదయం 10:48

నా ఇద్దరు పిల్లలూ ప్రైవేటులో చదువుతున్నారు. నేను చదివింది మాత్రం సర్కారు బడిలోనే. ఫీజు కట్టడానికి ప్రతి జూన్‌లో అప్పు చేస్తాను, అయినా సర్కారు బడిలో వేసే ధైర్యం చేయలేకపోయాను, ఇది నిజం. పిల్లలు తగ్గుతున్న బడి కోసం ఇంత కష్టపడటం కంటే ఆ పిల్లలకు గురుకులంలో సీట్లు ఇప్పించడం మేలు కాదా అనిపిస్తుంది. తప్పుగా అనుకోకండి, అడుగుతున్నాను.

లెక్కల సార్, పరకాల | ఆదివారం ఉదయం 11:30

అడగడంలో తప్పేమీ లేదు బాబూ. గురుకులంలో సీటు రాని పిల్లలే కదా గోదాము వెనక ఉన్నది. అక్కడ సీట్లకు లెక్క ఉంది, ఊరి బడికి లెక్క లేదు, ఎవరు వచ్చినా చేర్చుకోవాలి. ఇంటర్ రిజల్ట్ వచ్చిన రోజు భయపడే పిల్లలు ప్రైవేటులో లేరా? అందుకే ప్రైవేటుకు పంపే తల్లిదండ్రులను కూడా ఈ గ్రూపులోకి పిలవమంటాను. వాళ్లను దూరం పెడితే ఊరు రెండు ముక్కలవుతుంది.

ఇంటర్ తప్పిన తమ్ముడు | ఆదివారం మధ్యాహ్నం 2:15

గోదాము వెనక కూర్చునే పిల్లల గురించి అందరూ రాస్తున్నారు, నేను అట్లాంటి పిల్లాడినే, అందుకే రాస్తున్నాను. మాది హసన్‌పర్తి వైపు. పదో తరగతి దాకా బాగానే చదివాను. ఇంటర్ ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. అంతకు ముందు నుంచే కాలేజీకి పోవడం మానేశాను, ఎందుకంటే క్లాసులో ఏమీ అర్థమయ్యేది కాదు, అర్థం కాలేదని చెబితే నవ్వుతారని భయం. రోజూ బస్సెక్కి కాజీపేట రైల్వే స్టేషన్‌లో దిగి సాయంత్రం దాకా ప్లాట్‌ఫాం మీద కూర్చునేవాడిని. ఎవరికీ తెలియదు.

రిజల్ట్ వచ్చిన రోజు నాన్న ఏమీ అనలేదు. అన్నం తినకుండా లేచి చేనుకు పోయాడు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. ఆ మూడు రోజులు నాకు బతకాలని లేదు. ఇక్కడ రాస్తున్నాను కానీ ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు. నాలుగో రోజు మా వాడలో కబడ్డీ ఆడే అన్న ఒకాయన వచ్చి, ఏరా ఆటకు రావట్లేదేంది అని అడిగాడు. నేను ఏడ్చేశాను. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. రాత్రి పదకొండు దాకా చెరువు కట్ట మీద నాతో కూర్చున్నాడు, పొద్దున వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకెళ్లి మానసిక వైద్యుల ఓపీలో చూపించాడు. మందులు ఆరు నెలలు వాడాను. సప్లిమెంటరీలో పాసయ్యాను, ఇప్పుడు డిగ్రీ సెకండియర్.

అక్కా, మీరు గోదాము దగ్గరికి పోతే అందరూ కలిసి పోకండి. వాళ్ల అమ్మానాన్నలను మొదటిరోజే వెంట తీసుకుపోకండి. సిగరెట్ ఉందా, గంజాయి ఉందా అని జేబులు వెతకకండి, ఉన్నా సరే. ముందు ఏం ఆట ఆడతారో అడగండి. వాళ్లు బడికి ఎందుకు పోవట్లేదో వాళ్లకే సరిగ్గా తెలియకపోవచ్చు, నాకు తెలియలేదు. కావాలంటే నేను వస్తాను, మీ ఊరు మాకు దూరమేమీ కాదు అనుకుంటున్నాను.

పీహెచ్‌సీ నర్సు | ఆదివారం సాయంత్రం 7:30

తమ్ముడూ, ఇక్కడ రాసినందుకు నీకు దండం. ఆ అన్నకు ఇంకో దండం.

ఇది చదివే ఎవరికైనా అట్లాంటి ఆలోచన వస్తుంటే, లేదా ఇంట్లో పిల్లల్లో కనిపిస్తుంటే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బు పడదు, రాత్రి పూట కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలను ఎవరైనా కొడుతున్నా, పనికి పెడుతున్నా, చేయకూడనిది చేస్తున్నా 1098. ఈ రెండు నంబర్లు బడి గోడ మీద పెద్దగా రాయించండి, దానికి ఒక పెయింటర్ సగం రోజు చాలు.

మీరు అడగాల్సిన ఇంకో విషయం ఉంది, చాలామందికి తెలియదు. విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. బడి, కాలేజీ, కోచింగ్ సెంటర్, హాస్టల్ అన్నిటికీ వర్తిస్తుంది. మీ బడిలో వంద మంది దాటితే ఈ మాట కాగితం మీద రాసి అడగొచ్చు. ఒక్క బడికి ఒక కౌన్సెలర్ వెంటనే వస్తారని ఆశ పెట్టను, మండలానికి ఒకరు వారానికి ఒకరోజు వచ్చినా పిల్లలకు ఒక తలుపు తెరుచుకున్నట్టే.

ఇక అమ్మాయిలు నీళ్లు తాగకపోవడం గురించి లెక్కల సార్ ఒక్క వాక్యంలో చెప్పారు, నేను ఓపీలో చూసేది చెప్తాను. పొద్దున ఎనిమిదింటికి ఇంటి దగ్గర బాత్రూంకి పోతే మళ్లీ సాయంత్రం ఐదింటికే. నీళ్లు తాగరు. మూత్రంలో మంట, జ్వరం, కడుపునొప్పితో వస్తారు, అమ్మతో వస్తే అసలు సంగతి చెప్పరు. నెలసరి రోజుల్లో బడి మానేస్తారు, ఆ నాలుగు రోజుల పాఠం పోతుంది, తర్వాత లెక్క అర్థం కాదు, అప్పుడు చదువు నాకు రాదు అనుకుంటారు. చదువు రాకపోవడం కాదు అది, బాత్రూం గొళ్లెం లేకపోవడం. వారానికి ఒక ఐరన్ మాత్ర బడిలో ఇస్తారు, దాన్ని ఖాళీ కడుపున వేసుకుని వాంతి చేసుకుని మానేసినవాళ్లు ఎంతమందో. అన్నం తిన్నాక వేయించమని టీచర్లకు చెప్పండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు బడికి వచ్చే రోజు ముందే తెలుసుకుని అమ్మలు ఇద్దరు ముగ్గురైనా అక్కడ ఉండండి.

నిర్వాహకులు | ఆదివారం రాత్రి 8:00

చర్చ బాగా సాగుతోంది. ఒక్క విన్నపం, ఊరి పేరు, బడి పేరు, పిల్లల పేర్లు, ఫొటోలు ఎవరూ పెట్టకండి. గోదాము ఎక్కడుందో కూడా అడగకండి.

ఆటో అన్న | సోమవారం ఉదయం 5:55

నేను ఆ ఐదు ఊళ్ల గ్రూపులోనే ఉన్నాను. మొదటి గిరాకీ రాకముందు రాస్తున్నాను. నా మాట ఒక్కటే, బస్సు. బడి వదిలాక గంటన్నరకు గానీ బస్సు రాదు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు బస్సు ఉచితం, చాలా మంచి పని, కానీ బస్సే రాని వేళకు టికెట్ లేకపోతే ఏం లాభం. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది. బడి మెట్ల మీద ఆడపిల్లలు కూర్చుని ఉంటారు, బైకుల మీద వచ్చి చక్కర్లు కొట్టే వాళ్లుంటారు. ఇద్దరు తల్లులు ఈ కారణంతోనే బిడ్డలను ఏడో తరగతితో ఆపేశారు, నాకు తెలుసు, నా ఆటోలోనే తీసుకొచ్చేవాడిని. బస్సు వస్తే నా గిరాకీ కొంత పోతుంది, పోనీ.

ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో నేను వారం రోజులు లెక్క రాస్తాను. డిపోలో అడిగేది అదే.

కేయూ విద్యార్థిని | సోమవారం ఉదయం 11:00

నర్సంపేట అన్న ధర్నా అన్నాడు, లెక్కల సార్ కాగితం అన్నారు, టీచర్ గారు వచ్చి కూర్చోమన్నారు. నాకు ఇంకొకటి అనిపించింది. ఇంతమందిలో పిల్లలు ఏం కోరుతున్నారో మనం ఇంకా అడగలేదు. ఇంటర్ తమ్ముడు చెప్పబట్టి ఆ వైపు తెలిసింది.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశం గురించి చదివాను. అక్కడ 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో నూటికి 42 మంది ఆ నెలలో ఒక్కసారైనా బాగా తాగి ఉన్నామని చెప్పారు. 2016కి అది నూటికి 5కి తగ్గింది. ఉపన్యాసాలు చెప్పి తగ్గించలేదు. పేరు రాయకుండా పిల్లలనే అడిగారు, ఇంట్లో ఎవరితో మాట్లాడతావు, సాయంత్రం ఎక్కడుంటావు, ఎట్లా నిద్రపోతున్నావు అని. ఆ ఊరి జవాబులు ఆ ఊరి తల్లిదండ్రుల ముందే పెట్టారు. ఆటలకు, పాటలకు మున్సిపాలిటీలు డబ్బు పెట్టాయి. రాత్రి వేళ తల్లిదండ్రులే వంతులు వేసుకుని వీధుల్లో నడిచారు. మన దగ్గర డబ్బు వేరు, ఊరు వేరు, అంతా అట్లనే కుదరదు. పేరు రాయని చీటీ మాత్రం మనకూ కుదురుతుంది, కాగితం ఖర్చే కదా. ఊరంతా కలిసి పనులు పంచుకోవడం మనకు కొత్త కాదు, గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకునే కదా పేరు తెచ్చుకుంది. 2022లో వరంగల్‌ను యునెస్కో లెర్నింగ్ సిటీల జాబితాలో చేర్చారు. ఆ పేరు నగరం దగ్గరే ఆగిపోకుండా చుట్టూ ఉన్న ఊళ్ల బళ్ల దాకా రావాలని నాకుంది.

చీటీలు పెడితే ఒకటి గుర్తుంచుకోండి. చేతిరాతను బట్టి ఎవరిదో కనిపెట్టే ప్రయత్నం అస్సలు చేయకూడదు. ఆ బడికి సంబంధం లేని ఇద్దరు చదవాలి. ఎవరైనా ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తే మాత్రం ఊరుకోకూడదు, ఆ రోజే ఆశా అక్క ద్వారా నర్సు గారి లాంటి వాళ్లకు చెప్పాలి. ఈ మాట చీటీలు ఇచ్చేటప్పుడే పిల్లలకు చెప్పండి.

నర్సంపేట పోరగాడు | సోమవారం రాత్రి 9:15

టీచరమ్మా, మొన్న నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అక్క కూడా టీచరే, ఇది చదివి నన్ను గట్టిగా తిట్టింది. ధర్నా అవసరం ఎప్పుడూ రాదని మాత్రం అనను. మర్యాదగా మూడుసార్లు అడిగినా కదలకపోతే నాలుగోసారి గట్టిగానే అడగాలి. అప్పుడు పిలవండి, వస్తాను.

సమాచార హక్కు అన్న, జనగామ | మంగళవారం ఉదయం 7:45

గ్రాంట్ లెక్కలు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు ఇచ్చే ముందు నోటితో ఒకసారి అడగండి, సగం సమాచారం అక్కడే వస్తుంది.

తొమ్మిదో తరగతి అమ్మ | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:10

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. పత్తి పని, బడి పని రెండూ ఒక్కసారే వచ్చాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెద్దసారును కలిశాం. ఐదుగురిమే పోయాం, వంట అక్కతో కలిసి. మొదట ఆయన ముభావంగా ఉన్నారు, అభివృద్ధి ప్రణాళిక చూపించమంటే బీరువా తెరిచి ఇచ్చారు. అది ఎప్పుడో రాసింది, మా గ్రామ సంఘం అధ్యక్షురాలి సంతకం ఉంది, ఆమె చదవకుండా పెట్టిందట. ఆమె అక్కడే ఒప్పుకుంది. కొత్తగా రాద్దామని సారే అన్నారు.

చీటీలు పెట్టాం. చదివింది కేయూ చెల్లి, ఇంకో రిటైర్డ్ టీచరమ్మ. సొంత మాటలు ఎవరివీ బయట పెట్టలేదు, ఏ విషయం ఎక్కువగా వచ్చిందో మాత్రం మాకు చెప్పారు. మేము రాసుకున్న ముప్పై ఒక్క కోరికల్లో పిల్లలు రాసినవి నాలుగే. కంప్యూటర్ ఒక్కరు అడిగారు. ఎక్కువమంది అమ్మాయిలు బాత్రూం గొళ్లెం, నీళ్లు అని రాశారు. బస్సు వచ్చింది. మగపిల్లలు ఆట పీరియడ్ కావాలని రాశారు, పదో తరగతికి ఆటే లేకుండా చేశారట. మేము అసలు అనుకోనిది, సాయంత్రం చదువుకునే చోటు. ఇంట్లో తాగుడు, గొడవ, టీవీ, ఒకే గది. బడి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచితే బాగుండు అని చాలామంది రాశారట. నా బిడ్డ కూడా అదే రాసిందని ఆమే తర్వాత చెప్పింది. మా ఇంట్లో గొడవలు లేవు, అయినా అట్లా రాసింది. ఎందుకని నేను ఇంకా అడగలేదు, అడుగుతాను.

ఒక చీటీ మాత్రం చెల్లి చదివిన రోజే ఆశా అక్కకు చెప్పింది. ఆ బిడ్డకు అందాల్సిన సాయం అందుతోంది. ఇంతకంటే రాయను.

బాత్రూంలకు గొళ్లాలు, బకెట్లు, మగ్గులు మేమే కొన్నాం, శుభ్రం చేసే ఆమెకు రావాల్సిన డబ్బు గురించి సారు, అధ్యక్షురాలు కలిసి రాసి పంపారు. గోడ మీద 14416, 1098 రాయించాం. ఆటో అన్న ఏడు రోజుల లెక్క రాసిచ్చాడు, ఏ స్టాపులో ఎంతమందో, అందులో ఆడపిల్లలు ఎంతమందో. దాన్ని ఒక్క పేజీలో పెట్టి డిపోలో ఇచ్చాం, పది రోజులు కదలలేదు. ప్రజావాణిలో అదే పేజీ మళ్లీ ఇచ్చాం, మొన్న గురువారం నుంచి బస్సు నలభై నిమిషాలు ముందుగా వస్తోంది. నెల రోజులు చూస్తామన్నారు. ఖాళీగా పోతే మళ్లీ పాత టైమే అవుతుంది, కాబట్టి పిల్లలంతా ఆ బస్సే ఎక్కేలా మేమే నిలబడుతున్నాం.

పత్తి సంగతి. బదలు పోదామన్న టీచరమ్మ మాట మా సంఘంలో చెబితే మొదట నవ్వారు, తర్వాత మూడు ఇళ్లు ఒప్పుకున్నాయి. కూలీలను తీసుకుపోయే ముఠా మేస్త్రి ఇద్దరితో మాట్లాడాం, బడి పిల్లలను బండి ఎక్కించబోమని మాట ఇచ్చారు, ఒకరు నిలబెట్టుకున్నారు, ఒకరు నిలబెట్టుకోలేదు. తొమ్మిదో తరగతిలో పోయిన శుక్రవారం పంతొమ్మిది మంది ఉన్నారు.

సాయంత్రం బడికి ఇంకా దారి దొరకలేదు. లైట్లు ఉన్నాయి, తాళం ఎవరి దగ్గర ఉండాలి, ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అని సారు భయపడుతున్నారు, ఆ భయం న్యాయమే. వచ్చే గ్రామసభలో పంచాయతీ భవనం అడుగుతాం.

గోదాము వెనక పిల్లల్లో ముగ్గురు వస్తున్నారు. దానికి కారణం మేము కాదు, ఇంటర్ తమ్ముడే. నాలుగుసార్లు వచ్చి వాళ్లతో కబడ్డీ ఆడాడు. ఇంకొక బాబు రావట్లేదు. వాళ్ల నాన్న చనిపోయి ఏడాది అయిందని మాకు ఇప్పుడు తెలిసింది, ఒకే ఊళ్లో ఉండి తెలియలేదు. రేపు సాయంత్రం వాళ్ల ఇంటికి పోదామనుకుంటున్నాను, నేనూ వంట అక్కా మాత్రమే. తమ్ముడూ, నువ్వు రాగలవా? ఆరింటికి పోశమ్మ గుడి దగ్గర ఉంటాం.

ఇంటర్ తప్పిన తమ్ముడు | ఆదివారం రాత్రి 10:32

వస్తా అక్కా. మీరు ఏడింటికి రండి, నేను ఐదింటికే పోయి ముందు వాడితో గ్రౌండ్‌లో ఉంటా. వాడికి మీరు వస్తున్నట్టు నేనే చెప్తా.